ఫిలడెల్ఫియా వైద్యుల సంఘం, 1793: పట్టికకు నాలుగు స్టార్లు, సలహాలకు ఒకటిన్నర

రోజూ ఎండ ఎంత, వాన పడిందా లేదా, గాలి ఎటు అని రాసుకుంటూ, పక్కనే ఊళ్లో ఏ జబ్బు తిరుగుతోందో కూడా రాసుకుంటూ పోతే, ఎప్పటికో ఒకప్పటికి ఆ రెంటికీ ఉన్న లంకె బయటపడుతుందని పద్దెనిమిదో శతాబ్దపు వైద్యులు గట్టిగా నమ్మారు. ఆ ఏడు గాలికి ఒక స్వభావం ఉంటుంది, దాన్ని బట్టే జ్వరాలు వస్తాయి అని లండన్‌లో థామస్ సిడెన్‌హామ్ అంతకు ముందు శతాబ్దంలోనే చెప్పి పెట్టాడు. ఆ దారిలోనే 1731లో ఎడిన్‌బరోలో ఒక వైద్య సంఘం మొదలై వాతావరణ రిజిస్టరును, ఊళ్లో ఎక్కువగా కనిపించిన జబ్బుల వివరాలను కలిపి అచ్చువేసింది. 1776లో పారిస్‌లో పుట్టిన రాజ వైద్య సంఘం దేశం నలుమూలల వైద్యుల నుంచి ఇలాంటి లెక్కలే తెప్పించుకుంది.

ఇన్ని ఉండగా ఇక్కడ ఫిలడెల్ఫియా వైద్యుల కాలేజీని సమీక్షకు తీసుకోవడానికి కారణం ఉంది. పేరులో కాలేజీ అని ఉన్నా అది పాఠాలు చెప్పే చోటు కాదు, వైద్యుల సంఘం. 1787లో 24 మందితో మొదలైంది. రుతువులు, వాతావరణం, ఊరి నెలవు మనిషి ఒంటి మీద ఎలా పనిచేస్తాయో గమనించి తమ దేశపు జబ్బులనూ మందులనూ పరిశోధించడమే తమ పని అని నిబంధనావళిలోనే రాసుకుంది. ఏడేళ్లు తిరక్కుండానే, 1793 ఆగస్టులో, ఊరి మీద ఎల్లో ఫీవర్ పడింది. ఇది దోమ మోసే వైరస్ జ్వరమని ఇప్పుడు తెలుసు, అప్పట్లో ఎవరికీ తెలియదు. ఊరూ శివార్లూ కలిపి ఇంచుమించు 50,000 జనాభా. నవంబరు వచ్చేసరికి 4,000 మందికి పైగా పోయారు, 5,000 దాకా అని కూడా అంటారు. మిగతా సంఘాలకు ఇంత కఠినమైన పరీక్ష ఇంత తొందరగా రాలేదు. పైగా ఆ నెలల వాతావరణ పట్టికా, రోజువారీ ఖననాల లెక్కా, సంఘం ఇచ్చిన సలహాల పాఠమూ మూడూ మనకు దొరుకుతున్నాయి. సరుకు ఎలాంటిదో, వాడకంలో ఎలా పనిచేసిందో పక్కపక్కన పెట్టి చూసే వీలు ఇక్కడ ఉంది.

ముందు పట్టిక సంగతి. సంఘంలో పేరున్న సభ్యుడు బెంజమిన్ రష్ 1794లో ఈ జ్వరం మీద రాసిన పుస్తకంలో దీన్ని అచ్చువేశాడు. రీడింగులు మాత్రం డేవిడ్ రిటెన్‌హౌస్‌వి. ఈయన ఖగోళ శాస్త్రవేత్త, పరికరాలు స్వయంగా తయారుచేసే చేయి, అమెరికా టంకశాలకు మొదటి డైరెక్టరు. వైద్యుడు కాకపోవడమే ఈ పట్టికకు మేలు చేసిందని మా అభిప్రాయం. జ్వరం ఊళ్లోనే పుట్టిందా, బయటి నుంచి వచ్చిందా అన్న వాదంలో ఏ పక్షానికీ అనుకూలంగా అంకె దిద్దాల్సిన అవసరం ఆయనకు లేదు. పట్టికలో బారోమీటరు అంగుళాల్లో, థర్మామీటరు ఫారెన్‌హీట్‌లో, పొద్దున ఒకటి, మధ్యాహ్నం దాటాక ఒకటి. తర్వాత గాలి దిక్కు. ఆపైన ఆకాశం తీరు మాటల్లో. రోజుకు రెండే రీడింగులు అయినా అవి పడిన వేళలు మంచివి. పొద్దుటి అంకె ఆ రోజు కనిష్ఠానికి, మధ్యాహ్నపు అంకె గరిష్ఠానికి దగ్గరగా ఉంటాయి. దోమల లెక్కకు కావలసింది ఈ రెండే.

లోపాలూ ఉన్నాయి. రిటెన్‌హౌస్ ఇల్లు ఏడో వీధి, ఆర్చ్ స్ట్రీట్ మూల మీద. జబ్బు మొదట గుంపుగా కనబడింది డెలావేర్ నది ఒడ్డున, వాటర్ స్ట్రీట్‌లో. రెంటి మధ్య దూరం తక్కువే కానీ, నేల తీరు వేరు. వాటర్ స్ట్రీట్ గట్టు కింద ఇరుకుగా, రేవులకు ఆనుకుని ఉండేది. గాలాడని సందులో, నీటి పీపాల పక్కన ఉండే వేడి ఖగోళ శాస్త్రవేత్త థర్మామీటరుకు తెలియదు. రెండో లోపం వాన, ఎంత పడిందో కొలత లేదు. వాన, మబ్బు, తేట అన్న మాటలను బట్టి నీరెంత చేరిందో అంచనా వేయబోకండి. బారోమీటరు వరుసంతా ఈ జబ్బుకు పనికిరానిదే, అయినా రాసినవాణ్ణి తప్పుపట్టలేం. ఏది పనికొస్తుందో ముందే తెలిస్తే పట్టికే అక్కర్లేదు. ఇవన్నీ పోను నాలుగు స్టార్లు ఇస్తున్నాం.

గొడవంతా పట్టికను చదవడంలో వచ్చింది. ఆ కాలపు వైద్యులు దాన్ని అడ్డంగా చదివారు: ఈ రోజు వాన, ఈ రోజు ఇంతమంది జబ్బుపడ్డారు. అలా చదివితే 1793 పట్టిక ఒకదానికొకటి పొసగని రెండు మాటలు చెబుతుంది. ఆగస్టు 25న పెద్ద వాన కురిసింది, ఆ తర్వాత జబ్బు పెరిగింది. అక్కడి నుంచి అక్టోబరు మధ్య దాకా దుమ్ము అణగడానికి కూడా చాలనన్ని చినుకులే. అక్టోబరు 15న మళ్లీ వాన. ఆ రోజు నుంచి జబ్బు తగ్గుముఖం పట్టిందని రష్ రాశాడు. మరి వాన జ్వరాన్ని పెంచుతుందా, కడిగేస్తుందా? గాలి చెడి జ్వరం వస్తుందనుకునేవాడికి దీనికి జవాబు లేదు. తలా ఒక కథ అల్లుకోవడమే.

ఈనాడు మనకు తెలిసిన లెక్క పెట్టి చూస్తే చిక్కు విడిపోతుంది. ఎల్లో ఫీవర్‌ను మోసేది ఈడిస్ ఈజిప్టై అనే దోమ. తొట్టి గోడకు నీటి మట్టానికి కాస్త పైన గుడ్లు అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండినా చావవు. నీళ్లు పైకి వచ్చి తడిపినప్పుడు పొదుగుతాయి. వేసవి వేడిలో గుడ్డు పొదిగిన దగ్గర నుంచి దోమ ఎగిరేదాకా 8 నుంచి 10 రోజులు. అది రోగిని కుట్టాక, వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి రావడానికి 27, 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 12 రోజులు. చల్లబడే కొద్దీ ఇంకా ఎక్కువ. కుట్టించుకున్న మనిషికి జ్వరం 3 నుంచి 6 రోజుల్లో వస్తుంది. చనిపోయేవాళ్లు ఎక్కువగా ఆ పైన 7 నుంచి 10 రోజుల్లో పోతారు. ఆగస్టు 25 వానకు ఇవన్నీ వరసగా కూడితే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి రోజులు వస్తాయి. సెప్టెంబరులో వేడి తగ్గుతూ వచ్చింది కాబట్టి దోమ ఒంట్లో వైరస్ పెరిగే గడువును ఇంకో వారం సాగదీసుకోండి. ఊళ్లోని ప్రచురణకర్త మాథ్యూ కేరీ అచ్చువేసిన ఖననాల జాబితాలో అన్నిటికంటే పెద్ద అంకె అక్టోబరు 11న పడింది: ఆ ఒక్క రోజు 119. అంటే వానకూ శిఖరానికీ మధ్య దూరం ఏడు వారాలకు కాస్త తక్కువ. అక్టోబరు 15 వాన నాటికి రాత్రులు చల్లబడ్డాయి. తగ్గుదలకు కారణం ఆ చలే, వాన కాదు.

ఒక్క వానే ఊరిని ముంచిందని మేం అనడం లేదు. జూలైలో సాందొమింగ్ (ఇప్పటి హైతీ) తిరుగుబాటు నుంచి పారిపోయి వచ్చిన ఓడలతో రోగులూ, బహుశా దోమలూ దిగాయి. ఆగస్టు మొదట్లోనే చావులు మొదలయ్యాయి. కానీ పట్టికను అడ్డంగా కాకుండా ఏటవాలుగా, వాతావరణపు వరుసను నాలుగు నుంచి ఏడు వారాలు కిందికి జరిపి చదివితేనే అది మాట్లాడుతుందన్నది ఇక్కడ ముఖ్యం. అలా జరిపి చూసే ఆలోచన ఆ సంఘంలో ఎవరికీ రాలేదు, ఎందుకంటే గాలి నేరుగా మనిషికి తగులుతుందనుకున్నప్పుడు మధ్యలో గడువు ఎందుకుండాలి?

దోమ వాళ్ల కంట పడకపోలేదు, అదే బాధ. రష్ తన పుస్తకంలో ఆ ఏడు గాలి చెడిందనడానికి గుర్తులు పేర్చుకుంటూ మూడు సంగతులు వరసగా రాశాడు. సెప్టెంబరు 12 ప్రాంతంలో తెల్లవారుజామున రెండింటికి ఒక ఉల్క రాలింది. జబ్బుల కాలానికి తోడుగా వచ్చే దోమలు ఆ ఏడు మామూలు కంటే చాలా ఎక్కువ. అక్కడక్కడ చచ్చిన పిల్లులు వీధి గాలిని ఇంకా పాడుచేశాయి. అసలు నేరస్థురాలు ఉల్కకూ చచ్చిన పిల్లికీ మధ్య కూర్చుని ఉంది! గుర్తుల జాబితాలో ఎక్కింది కానీ పట్టికలో దానికి గడి లేదు. రోజూ నాలుగు ఇళ్ల పీపాల్లో దోమ పిల్లలు ఉన్నాయా లేదా అని అవును-కాదు రాసే ఒక్క గడి ఉండి ఉంటే, ఏ సిద్ధాంతమూ తెలియకపోయినా ఆ వరుస ఖననాల వరుసకు ముందు నడవడం కనిపించి ఉండేది.

ఇక రెండో సేవ, ప్రజలకు సలహాలు. ఆగస్టు 25న సంఘం సమావేశమై ఒక కమిటీని వేసింది. మర్నాడే పదకొండు సూచనలు తయారై పత్రికలకు ఎక్కాయి. ఆ వేగానికి మెచ్చుకోవాలి. ఈ కాలంలో కూడా ఒక్క రోజులో అంత స్పష్టంగా, ఒక్క కాగితంలో పట్టేట్టు సలహా ఇచ్చే సంస్థలు తక్కువ. సరుకు మాత్రం మిశ్రమం.

పనికొచ్చినవి ముందు చెబుతాం. ఊరికి దగ్గరలో గాలి వెలుతురు ఉన్న పెద్ద ఆసుపత్రి పెట్టి, ఇంట్లో సదుపాయం లేని బీదవాళ్లను అక్కడ చేర్చమన్నది నాలుగో సూచన. దీని ఫలితమే ఊరి బయట బుష్ హిల్ ఆసుపత్రి. మొదట అది భయంకరంగా నడిచింది. స్టీఫెన్ జిరార్డ్, పీటర్ హెల్మ్ నిర్వహణ చేతికి తీసుకుని, కరేబియన్‌లో ఈ జ్వరాన్ని చూసిన ఫ్రెంచి వైద్యుడు జాన్ దెవేజ్ వచ్చాక దారిలో పడింది. చావు గంటలు మోగించడం ఆపమన్న అయిదో సూచన చూడటానికి చిన్నది, మనిషి మనసు తెలిసినవాళ్లు రాసింది. రోజుకు యాభై, వంద సార్లు గంట వింటూ మంచాన పడి ఉన్నవాడి సంగతి ఆలోచించారు. వీధులూ రేవులూ శుభ్రంగా ఉంచమన్న ఏడోది కుళ్లు వాసన పోవడానికి చెప్పిందే అయినా, చెత్తతో పాటు నీళ్లు నిలిచే పాత్రలూ పోతే కొంత మేలే.

మూడో సూచనే అన్నిటికంటే నష్టం చేసింది. రోగిని పెద్ద గది మధ్యలో, తెరలు లేని మంచం మీద పడుకోబెట్టమంది. గాలి తగిలితే విషం పలచబడుతుందని వాళ్ల లెక్క. ఎల్లో ఫీవర్ రోగి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉండేది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే, దోమ ఎక్కించుకునేదీ అప్పుడే. అప్పుడు మంచం చుట్టూ ఉన్న గుడ్డను తీసేయమనడం అంటే దోమకు తలుపు తీయడమే. మామూలు మంచం తెర దోమతెర అంత నేతది కాకపోయినా, ఏమీ లేకపోవడం కంటే నయం. తొమ్మిదోది గాలి వాలులో కూర్చోవద్దనీ సాయంత్రపు గాలి తగలనివ్వద్దనీ చెప్పింది. ఈ దోమ బలహీనంగా ఎగిరేది. గాలి వీచే చోట కుట్టలేదు. అది ఎక్కువగా కుట్టేది పగలు, పొద్దునా పొద్దు వాలే ముందూ. కాబట్టి సాయంత్రం జాగ్రత్తలో సగం నిజముంది, గాలి జాగ్రత్త పూర్తిగా తలకిందులు. బట్టలు చల్లటివి కంటే వెచ్చటివే మేలన్న పదోది మాత్రం, ఒళ్లు కప్పుతుంది కాబట్టి, తెలియకుండానే సరైన పని చేయించింది. వైను, బీరు, సైడరు మితంగా తాగమన్న పదకొండో దాని మీద మా వ్యాఖ్య ఏమీ లేదు.

చివర చేర్చిన తోక కూడా చదవాలి. వీధుల్లో మంటలు వేయడం పనికిరాదు, ప్రమాదం కూడా అంటూ, తుపాకిమందు కాల్చడం మీద ఎక్కువ నమ్మకం పెట్టొచ్చని రాశారు. పెద్ద మనుషులు రాసిన మాట కదా, జనం తుపాకులు పట్టుకుని కిటికీల్లోంచి, వీధుల్లోంచి పేల్చడం మొదలుపెట్టారు. చివరికి ఊరి అధికారులు దాన్ని నిషేధించాల్సి వచ్చింది. సలహా రాసేవాళ్లకు ఇక్కడొక పాఠం దొరుకుతుంది: ఎంత మోతాదు, ఎవరు, ఎక్కడ అన్నది రాయకుండా వదిలేస్తే దాన్ని ఊరు తనకు తోచినట్టు పూరించుకుంటుంది.

ఎలా రాయాలో చూడాలంటే అదే వారం అచ్చయిన ఇంకో కాగితం చూడండి. ఆగస్టు 29న డన్‌లప్ నడిపే దినపత్రికలో ఎ.బి. అన్న పొడి అక్షరాలతో ఒక ఉత్తరం వచ్చింది. ఈ మధ్య వానలకు ఊళ్లో దోమలు బాగా పెరుగుతాయి, అవి రోగులకు బాధ, ఆరోగ్యవంతులకు చికాకు. వాటిని తగ్గించడానికి చవకైన ఉపాయం ఉంది అని మొదలవుతుంది. మీ వాననీటి పీపాలోంచి వైన్ గ్లాసు నిండా నీళ్లు తీయండి, దోమ పిల్లలు గిలగిలా కదలడం కనిపిస్తుంది. అందులో అర టీస్పూను మామూలు నూనె పోయండి. అది పైన పరుచుకుని గాలి అందనివ్వదు. చాలావరకు ఒక రోజులోనే చస్తాయి, కొన్ని రెండు మూడు రోజులు బతుకుతాయి. ఇంట్లో వాడే పీపాకు ఒక గిల్ నూనె చాలు, అంటే మన లెక్కలో సుమారు 120 మిల్లీలీటర్లు. పెద్ద తొట్టికి ఇంకాస్త కావాలి. నీళ్లు పంపుతోనో కుళాయితోనో కింది నుంచి తీసుకుంటే పైనున్న నూనె చెదరదు, చాలా రోజులు పనిచేస్తుంది.

పరీక్షించి చూసుకునే విధానం, మోతాదు, ఎంతసేపట్లో ఫలితం, ఎక్కడ తేడా వస్తుంది, అన్నీ ఉన్నాయి. రాసినవారికి దోమ జ్వరాన్ని మోస్తుందన్న ఊహ లేదు, కుట్టుడు బాధ తగ్గించాలనుకున్నారు అంతే. ఈ ఒక్క ఉత్తరాన్ని సంఘం తన పదకొండుకు పన్నెండోదిగా చేర్చి ఇంటింటికీ చెప్పి ఉంటే, పైపు నీళ్లు లేక ప్రతి ఇంటి పెరట్లో పీపాలున్న ఆ ఊళ్లో, కథ వేరుగా ఉండేదేమో. మన ఊళ్లలో డెంగీ రోజుల్లో మున్సిపాలిటీ సిబ్బంది డ్రెయిన్లలో ఆయిల్ బాల్స్ వేయడం, వారానికి ఒక రోజు డ్రై డే అంటూ తొట్లు కడిగించడం ఈ లెక్క మీదే నడుస్తాయి. డెంగీనీ మోసేది ఇదే ఈడిస్. వారానికి ఒకసారి ఎందుకంటే గుడ్డు నుంచి దోమ దాకా పట్టే ఎనిమిది రోజులు పూర్తికాకుండా చక్రం తెంచాలి కాబట్టి. తొట్టి వంచి నీళ్లు పారబోస్తే చాలదు, గోడలకు అంటిన గుడ్లు పోయేలా పీచుతో రుద్దాలి. చాలా ఇళ్లలో డ్రై డే విఫలమయ్యేది ఇక్కడే.

సేవ తర్వాతి సంగతులు క్లుప్తంగా. చికిత్సలో సంఘం రెండుగా చీలింది. రష్ 10 గ్రెయిన్ల కాలమెల్, 15 గ్రెయిన్ల జలప్ వేరు పొడి కలిపి పదేపదే విరేచనాలు చేయించి, ఆపైన రక్తం తీయించాడు. అంటే పాదరసపు మందు మోతాదుకు సుమారు 650 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకు. ఒంట్లో నీరు పోయి, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినే జబ్బుకు ఇది కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. జ్వరం ఊళ్లోనే పుట్టిందని, రేవులో కుళ్లిన కాఫీ గింజల వాసనే మొదటి కారణమని రష్ పట్టు. నవంబరు 5న ఆయన రాజీనామా ఇచ్చాడు. ఉత్తరంతో పాటు సిడెన్‌హామ్ రచనల ప్రతి ఒకటి కానుకగా పంపాడు. ‘ముందు దీన్ని చదువుకోండి’ అన్న చురక అందులో ఉందని మాకనిపిస్తుంది. అదే నెలాఖరున, జబ్బు బయటి నుంచి దిగుమతి అయిందే అని సంఘం గవర్నరుకు రాసింది. సగం సగం ఇద్దరిదీ నిజమే: వైరస్ ఓడ మీద వచ్చింది, దోమను ఊరి పీపాలే పెంచాయి. రెండు పక్షాలూ ఒకే పట్టికను చేతిలో పెట్టుకుని ఎదురెదురు వాదించగలిగాయంటే, పట్టిక ఎంత మంచిదైనా ప్రశ్న తప్పితే జవాబు రాదన్నమాట. అయినా వాదం వల్ల ఒక మేలు జరిగింది. ఊరి నీరూ మురికీ మీద భయం పెరిగి 1801లో ఫిలడెల్ఫియాకు పైపు నీళ్లు వచ్చాయి. పీపాలతో పని తగ్గింది.

చావుల లెక్కను ఆ రోజుల్లోనే సరిగ్గా వాడినవాళ్లు సంఘం బయటివాళ్లు. నల్లజాతివారికి ఈ జ్వరం రాదని రష్ నమ్మాడు. చార్లెస్టన్‌లో జాన్ లైనింగ్ 1748 జ్వరం గురించి రాసిన మాటే అందుకు ఆధారం. ఈ లైనింగ్ కూడా గాలీ వేడీ రోజూ కొలిచి రాసిన వైద్యుడే. రష్ మాట మీద నల్లజాతివారి సహాయ సంఘం ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ సభ్యులు రోగుల సేవకూ శవాల మోతకూ దిగారు, వాళ్లలోనూ ఎందరో పోయారు. ఆ తర్వాత ఆ సొసైటీ నాయకులు అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ అలెన్ 1794లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఒక్క పోలిక పెట్టారు: తమవాళ్ల ఖననాలు 1792లో 67, 1793లో 305. జబ్బు లేని ఏటి అంకెను పక్కన పెట్టి జబ్బు ఏటి అంకెను చూపడం. ఆరు నెలల గాలి దిక్కుల కంటే ఈ రెండు అంకెలు ఎక్కువ చెప్పాయి.

ఈ పట్టికలను ఇప్పుడు వాడదలచుకున్నవాళ్లకు, ముఖ్యంగా పబ్లిక్ హెల్త్ చదివే విద్యార్థులకు, కొన్ని పనిముట్లు. రష్ పుస్తకమూ కేరీ పుస్తకమూ స్కాన్ ప్రతులుగా ఉచితంగా దొరుకుతాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఆగస్టు 1 నుంచి నవంబరు 9 దాకా ఒక వరుసలో తేదీలు వేయండి. కేరీ జాబితా నడిచేది ఆ మేరకే. ఫారెన్‌హీట్ నుంచి 32 తీసేసి 1.8తో భాగిస్తే సెల్సియస్. బారోమీటరు అంగుళాన్ని 33.9తో గుణిస్తే హెక్టోపాస్కల్. పొద్దుటి, మధ్యాహ్నపు వేడి సగటు తీసి దాన్ని మళ్లీ ఏడు రోజుల సగటుగా నున్నగా చేయండి, లేకపోతే గీత కుదుపులతో ఏమీ కనిపించదు. తర్వాత ఆ వరుసను రోజు రోజు చొప్పున కిందికి జరుపుతూ ఖననాలతో పోల్చండి. జరపకుండా పోల్చితే వేడి తగ్గుతుంటే చావులు పెరిగినట్టు కనిపిస్తుంది, కంగారుపడకండి.

జాగ్రత్తలు మూడు. మొదటిది, కేరీ పుస్తకం 1793 నవంబరులో మొదలై కొద్ది వారాల్లోనే చాలాసార్లు సవరించి అచ్చయింది. ఏ ముద్రణ తీసుకున్నారో రాసి పెట్టుకోండి, రెండు ముద్రణల అంకెలు కలపకండి. రెండోది, అవి ఖననం చేసిన తేదీలు, పోయిన తేదీలు కావు. జబ్బు ముదిరిన రోజుల్లో శవం కదలడానికి మనుషులే దొరకలేదు. మూడోది భాగహారంలో కింద వేసే జనాభా. కేరీ అంచనా ప్రకారం 17,000 మంది ఊరు వదిలి వెళ్లారు. 50,000తో భాగిస్తే జబ్బు తీవ్రత తక్కువగా కనిపిస్తుంది. వెళ్లినవాళ్లలో డబ్బున్నవాళ్లే ఎక్కువ కాబట్టి, మిగిలిన ఊరు పాత ఊరి నమూనా కూడా కాదు.

2023 తానా సభలు జరిగిన ఫిలడెల్ఫియా కన్వెన్షన్ సెంటరు ఆర్చ్ స్ట్రీట్ మీదే ఉంది. అక్కడి నుంచి తూర్పుగా నడిస్తే ఏడో వీధి మూల రిటెన్‌హౌస్ ఇంటి చోటు వస్తుంది, ఇంకా ముందుకు పోతే నది, పాత రేవులు. వైద్యుల కాలేజీ ఇప్పుడు ఉన్నది దీనికి ఎదురు దిక్కున, సౌత్ 22వ వీధిలో. మ్యూటర్ మ్యూజియం నడిపేది వాళ్లే. మ్యూజియానికి వెళ్లేవాళ్లు పుర్రెలూ ఎముకలూ చూసి తిరిగొస్తారు. పట్టికల మీద ఆసక్తి ఉంటే లైబ్రరీకి వెళ్లాలి, అదీ ముందుగా అడిగి సమయం తీసుకునే వెళ్లండి.